ఇంటి బెంగ అని పంపిన కేసు: చెన్నైలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది

ఈ కుర్రాణ్ణి కార్తీక్ అందాం. పేరు మార్చాను, ఊరు చెప్పను, ఇంటి వివరాలు కొన్ని అటూ ఇటూ చేశాను. రాసిందంతా అతను చదివాడు. రెండు చోట్ల కొట్టేయమన్నాడు, కొట్టేశాను. మిగిలింది వేసుకోమన్నాడు.

వచ్చిన తీరు

కార్తీక్‌కి పద్దెనిమిది నిండి కొన్ని నెలలే. నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊరు. నాన్న రొయ్యల గుంటలు చేస్తాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ. చెన్నై దక్షిణ శివార్లలో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో సీటొచ్చింది, ఫీజు కట్టేశారు, ఆగస్టు మొదట్లో క్లాసులు. జులైలో అతన్ని కోడంబాక్కంలో ఉండే మేనమామ వడపళనిలోని మా సైకాలజీ క్లినిక్‌కి తీసుకొచ్చాడు. అపాయింట్‌మెంట్ అడిగినప్పుడు ఆయన ఫోన్లో చెప్పింది ఇంతే: "వాడికి ఇంటి మీద బెంగ మేడం. మీరు కాస్త ధైర్యం చెప్పి పంపితే చాలు."

ధైర్యం చెప్పేవాళ్లకు ఆ ఇంట్లో కరువేం లేదు. అమ్మ రోజుకు పదిసార్లు చెబుతోంది. నాన్న చెప్పే ధైర్యం ఇంకో రకం: "రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో ఉండొచ్చినోడివి, ఇప్పుడు కొత్తగా ఇదేందిరా?" నాయనమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. మేనమామ తాను పంతొమ్మిదేళ్లకు ఒక్క సూట్‌కేసుతో సెంట్రల్ స్టేషన్లో దిగిన కథ చెప్పాడు. నాకూ చెప్పాడు. బాగానే ఉంటుంది కథ.

అడ్మిషన్ ఖాయమైనప్పటి నుంచి కుర్రాడికి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. అప్పటి నుంచి ఆలోచనలు. తెల్లారాక కడుపులో తిప్పడం, మూడు నాలుగుసార్లు బాత్రూంకి పరుగు, అన్నం సయించకపోవడం, గుండెదడ. రెండుసార్లు ఊపిరాడనట్టయి వేళ్లు తిమ్మిరెక్కి వంకర పోయాయి. రెండోసారి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సెలైన్ ఎక్కించాడు. గ్యాస్ మాత్రలు ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు నడుస్తున్నాయి. "నేను అక్కడ ఉండగలనంటావా అమ్మా?" అన్న ప్రశ్న పొద్దున మొదలైతే రాత్రి పడుకునేదాకా ఆగడం లేదు.

మేనమామను బయట కూర్చోమన్నాను. ఆయనకది నచ్చలేదు. పద్దెనిమిది దాటిన మనిషి తన ఆరోగ్య విషయాలు ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకుంటాడని, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చిందని చెప్పాను. చట్టం అనగానే మనవాళ్లు కాస్త తగ్గుతారు. తలుపు మూసుకున్నాక కార్తీక్ భుజాలు దిగిన తీరు చూస్తే బయటికి పంపడం మంచిదే అయిందనిపించింది.

భయం ఎక్కడుంది?

ఇల్లు వదలడానికి భయపడే పిల్లల్ని "ఎందుకు భయం?" అని అడిగితే జవాబు రాదు. వాళ్లకే తెలియదు, లేదా చెప్పుకోలేరు. నేను అడిగే తీరు ఇది: హాస్టల్లో మొదటి రోజు నిద్ర లేచిన దగ్గర్నుంచి ఒక్కొక్కటీ కళ్ల ముందు ఆడించుకుంటూ బయటికి చెప్పు, ఎక్కడ కష్టంగా ఉంటే అక్కడ ఆగు.

అమ్మానాన్న దించేసి వెనక్కి వెళ్లే ఘట్టం దగ్గర కార్తీక్ ఆగుతాడని నేననుకున్నాను. దాన్ని రెండు ముక్కల్లో దాటేశాడు. రూమ్మేట్లు తమిళంలో మాట్లాడతారన్న చోటా ఆగలేదు. బాత్రూంల దగ్గర నెమ్మదించాడు. టిఫిన్ దగ్గర "తినను" అన్నాడు. క్లాసు మొదలై, తలుపు మూసేసి, అరవై మంది మధ్యలో తను కూర్చున్న చోట నోరు పెగల్లేదు. చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "మధ్యలో లేవాల్సొస్తే?"

ఆ తర్వాత కథంతా వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం, రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున ఐదింటికి లేపడం, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్లు, నెలకొక ఔటింగ్, ఆదివారం ఇంటికి ఫోను. మన రాష్ట్రాల్లో పిల్లల్ని చదివించినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఒకరోజు పొద్దుటి స్టడీ అవర్లో కడుపు కదిలింది. లేచి అడిగితే ఇన్‌చార్జి కూర్చోమన్నాడు. రెండోసారి అడిగితే క్లాసంతా వినేలా ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. మూడోసారి అడక్కుండా పరిగెత్తాడు. ప్రమాదం ఏమీ జరగలేదు, సమయానికే చేరాడు. కానీ ఆ రోజు నుంచి అతనికొక పేరు పడింది, ఆ పేరు రెండేళ్లు ఉంది. (ఆ పేరు ఇక్కడ రాసి ఉండేది. అతను కొట్టేయమన్న రెండింటిలో అదొకటి.)

ఆ రెండేళ్లూ పొద్దున టిఫిన్ తినలేదు. బెంచీ చివరే కూర్చున్నాడు. ఇంటికొచ్చాక బాగానే ఉన్నాడు, ఎందుకంటే ఇంట్లో బాత్రూం పదడుగుల దూరంలో ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. అయితే ఆ వేసవిలో సినిమాకు రాలేదు, కావలిలో పెళ్లికి బస్సులో రానన్నాడు, ఎంట్రన్సు పరీక్షలకు ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్లాడు. వీటిని ఎవరూ ఒక దారానికి గుచ్చి చూడలేదు. ఇంట్లోంచి కదలడం లేదు కాబట్టి ఇంటి మీద ప్రేమ అనుకున్నారు.

నాన్న వేసిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. రెండేళ్లు హాస్టల్లో ఉండొచ్చాడు, అందుకే ఇప్పుడు భయం.

పరీక్షలు, లెక్కలు, పేరు పెట్టడం

మనసు సంగతి చూసేముందు కడుపు సంగతి తేల్చుకోవాలి. గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పంపాను. రక్తం పడడం, బరువు తగ్గడం, జ్వరం, విరేచనాల వల్లే నిద్రలోంచి లేవాల్సి రావడం, వీటిలో ఏది ఉన్నా ఇది నా కేసు కాదు, ముందు ఆయన కేసు. కార్తీక్ మూడింటికి లేస్తున్నాడు కదా అని అనుమానం రావచ్చు. వరస అడిగితే తేలింది: ముందు మెలకువ, తర్వాత ఆలోచన, గంట గడిచాక కడుపు. రక్తపరీక్షలు, థైరాయిడ్, మలపరీక్ష అన్నీ మామూలే. ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగు ఇబ్బంది పెట్టే సమస్య) అనడానికి, ఇలాంటి పేగు సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒకరోజైనా కడుపునొప్పి ఉండాలి. ఇతనికి నొప్పి లేదు, తొందరే ఉంది. గ్యాస్ మాత్రలు ఆపేయమన్నారు.

ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో 21కి 14 వచ్చింది, అంటే మధ్యస్థ ఆందోళనలో పై అంచు. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 8. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగాను. రావడం లేదన్నాడు. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని తల్లిదండ్రులు భయపడతారు. అలా ఏమీ జరగదు, అడగకపోవడమే ప్రమాదం. అర్ధరాత్రి నేను ఫోన్ ఎత్తలేను కాబట్టి టెలీ మానస్ నంబరు 14416 అతని ఫోన్లో వేయించాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక సహాయ సేవ ఇది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక పేరు. ఇల్లు విడవలేని ఆందోళన పెద్దవాళ్లకూ ఉంటుంది. మానసిక సమస్యలకు పేర్లు, లక్షణాలు నిర్ణయించే అమెరికన్ గ్రంథం డీఎస్‌ఎం-5 (2013లో వచ్చింది) అది పద్దెనిమిదేళ్లలోపే మొదలవ్వాలన్న నిబంధనను తీసేసింది. కానీ అందులో ముఖ్యమైనది తన మనుషులకు ఏమైనా అవుతుందన్న భయం. నేను లేనప్పుడు అమ్మకు ఏమైనా అయితే, నాయనమ్మ పోతే, ఈ తరహా ఆలోచనలు కార్తీక్‌కు లేవు. ఉన్నదల్లా బస్సు, సినిమా హాలు, తలుపేసిన క్లాసు: లేచి వెళ్లడం కష్టమైన చోట్లు, వెళ్తే నలుగురూ చూసే చోట్లు. అది అగోరాఫోబియా. ఆ పేరు వింటే ఖాళీ మైదానాల భయం అనుకుంటారు గానీ, నలుగురిలో కడుపు ఆగదేమోనన్న భయం కూడా దాని నిర్వచనంలోకే వస్తుంది. ఆ పేరు పెట్టడానికి భయం ఆరు నెలలైనా ఉండాలి, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇంటి బెంగ అన్న పేరే ఉండి ఉంటే చికిత్స ఎలా నడిచేదో ఊహించవచ్చు. రోజూ వీడియో కాల్, వారం వారం ఇంటికి రప్పించడం, గదిలో ఫొటోలు, డబ్బాల్లో ఊరగాయలు. ఒక్కటీ క్లాసులో మూసిన తలుపు దగ్గరికి చేరదు.

బోర్డు మీద

కార్తీక్ ఎంపీసీ కుర్రాడు. ఓదార్పు కంటే కారణం చెబితే వింటాడు. భయం పుట్టగానే మెదడు విడుదల చేసే సీఆర్‌ఎఫ్ అనే హార్మోను ఒకేసారి రెండు పనులు చేస్తుంది: జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తుంది, పెద్దపేగును తొందరపెడుతుంది. అందుకే ఒక పక్క వాంతి వచ్చేట్టు, ఒక పక్క బాత్రూంకి పరుగెత్తాలన్నట్టు. తిన్న కాసేపటికి పేగు కదలడం అందరికీ ఉండే రిఫ్లెక్సు, కొందరికి టీ దాన్ని పెంచవచ్చు. ఇక వేళ్ల తిమ్మిరి: గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, క్షారత పెరిగి, అయానిక్ కాల్షియం పడిపోతుంది. "మరి సెలైన్ ఎందుకు పెట్టారు?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

తర్వాత మార్కర్ అతనికిచ్చి, భయం నిలబడడానికి తాను చేసే పనులన్నీ రాయమన్నాను. ఖాళీ కడుపు. చివరి సీటు. బ్యాగులో విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రల స్ట్రిప్, ఇంకో ప్యాంటు. ఎక్కడికెళ్లినా ముందు మ్యాపులో టాయిలెట్లు వెతకడం. హాస్టల్ గురించి రాత్రంతా రివ్యూలు చదవడం. అమ్మను అడగడం. ప్రతి ఒక్కటీ ఆ పూటకు పనిచేస్తుంది. "ఇవి ఉండబట్టే గండం గడిచింది" అన్న నమ్మకాన్నీ మిగిల్చి పోతుంది. చికిత్స అంటే వీటిని ఒక్కొక్కటిగా పక్కనపెట్టి, జరుగుతుందనుకున్నది జరుగుతుందో లేదో చూడడమే.

తాయెత్తు జోలికి నేను పోలేదు. అది ఉన్నా లేకపోయినా అతను ఎక్కడికైనా వెళ్తాడు. లోపెరమైడ్ స్ట్రిప్ లేకపోతే గడప దాటడు.

బస్సులో వాడుకోవడానికి దీర్ఘ శ్వాస వ్యాయామాలు కూడా నేర్పలేదు. అడిగాడు, వద్దన్నాను. ఇలాంటివాళ్ల చేతిలో అది ఇంకో స్ట్రిప్ అవుతుంది. రాత్రి నిద్రపట్టడానికి చేసుకుంటే అభ్యంతరం లేదు.

బీచ్–తాంబరం లోకల్

చెన్నై సబర్బన్ లోకల్ రైళ్లలో టాయిలెట్లు ఉండవు. నా పనికి ఇంతకంటే మంచి సాధనం ఊళ్లో లేదు. రెండు మూడు నిమిషాలకో స్టేషను వస్తుంది, కావాలంటే దిగిపోవచ్చు. అదే రైలు ఖాళీగా దొరుకుతుంది, కిక్కిరిసీ దొరుకుతుంది. టికెట్టు ఖర్చు లెక్కలోకే రాదు.

మొదటిసారి నేను వెంట వెళ్లాను. ముందు కోడంబాక్కం స్టేషన్ దగ్గర హోటల్లో రెండిడ్లీ, వడ, టీ. రెండేళ్ల తర్వాత పొద్దున్నే తిని బయల్దేరడం అదే. రైలెక్కేముందు, ఏం జరుగుతుందని భయమో, అది జరగడానికి ఎంత అవకాశమో ఒక కార్డు మీద అతను రాసుకున్నాడు: "గిండీ దాటకముందే అయిపోతుంది. 90 శాతం." మాంబళంలో రంగనాథన్ వీధికి వెళ్లేవాళ్లు దిగిపోయారు. సైదాపేట దగ్గర ముఖం పాలిపోయింది, భయం పదికి తొమ్మిదన్నాడు. "దిగుదామా?" అని నేను అడగలేదు. దిగుతానంటే ఆపేదాన్నీ కాదు, ఆ సంగతి ముందే మాట్లాడుకున్నాం. గిండీలో తలుపు వైపు చూశాడు, లేవలేదు. మీనంబాక్కం వచ్చేసరికి ఆరు. పల్లావరంలో నాలుగు. క్రోంపేట దాటాక, కడుపు సంగతి మానేసి, ఈ రైళ్లకు తలుపులు ఎందుకు వేయరని అడిగాడు.

తాంబరం ప్లాట్‌ఫాం మీద కార్డు తిప్పి వెనక రాయమన్నాను. "కాలేదు" అని రాసి ఊరుకోబోయాడు. ఏం తెలిసిందో కూడా రాయమంటే, కాసేపు ఆలోచించి ఇలా రాశాడు: "తొమ్మిది దాకా పోయి దానంతటదే దిగింది. నేనేం చేయలేదు."

భయాన్ని ఎదుర్కొనే చికిత్సలో చిన్న మెట్టు నుంచి పెద్ద మెట్టుకు వరసగా ఎక్కడమే పాత పద్ధతి. మిషెల్ క్రాస్కే వంటి పరిశోధకులు నొక్కి చెప్పేది వేరు: భయం తగ్గేదాకా కూర్చోవడం ముఖ్యం కాదు, ఊహించిన విపత్తు తప్పని తేలడం ముఖ్యం. ఆ లెక్కన మెట్లను కాస్త కలగాపులగం చేశాం. మరుసటి ట్రిప్పు మేనమామతో, తర్వాత ఒక్కడే, తర్వాత స్ట్రిప్ ఇంట్లో వదిలి, తర్వాత ఆఫీసుల వేళ నిలబడి. మధ్యలో ఒక మాటినీకి వెళ్లి వరస నడిమి సీటు తీసుకున్నాడు. ఒకరోజు నిజంగానే సెయింట్ థామస్ మౌంట్‌లో దిగి, టాయిలెట్ వెతుక్కుని, వెళ్లి, తర్వాతి రైలెక్కాడు. మొహం వేలాడేసుకుని వచ్చాడు, ఓడిపోయానని. నాకైతే అది అన్నిటికంటే మంచి ట్రిప్పు అనిపించింది. వెళ్లాల్సి వస్తే ఏమవుతుంది? దిగుతాడు, వెతుక్కుంటాడు, పది నిమిషాలు ఆలస్యమవుతాడు. అతని కార్డుల మీద ఎక్కడా ఆ సంభావ్యత లేదు. గండం తప్పడం లేదా పరువు పోవడం, రెండే ఉన్నాయి.

ఫోనుకు అటువైపు

అమ్మతో మాట్లాడడానికి కార్తీక్ ఒప్పుకున్నాడు. నాన్నకు మాత్రం చెప్పొద్దన్నాడు. అమ్మతో వీడియోలో మాట్లాడాను. విన్నాక ఆమె మొదట చాలాసేపు ఏడ్చింది, ఆ ఇన్‌చార్జిని నాలుగు తిట్టింది. తర్వాత, "పొద్దున్నే లేవంగానే నేనడిగే మొదటి మాటే అది మేడం, కడుపెట్టా ఉంది నాయనా అని" అంది. ఆమె అంతటామె అక్కడికొచ్చింది, నేను చెప్పాల్సిన పని తగ్గింది.

యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ బృందం తల్లిదండ్రుల ద్వారా చేసే ఒక చికిత్సను రూపొందించింది. పిల్లవాణ్ణి మార్చడానికి ప్రయత్నించకుండా, పిల్లవాడి భయానికి ఇంట్లోవాళ్లు చేస్తున్న సర్దుబాట్లను తగ్గిస్తారు. తగ్గించేటప్పుడు చెప్పే మాటలో రెండు పాళ్లుండాలి: నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు, నువ్వు ఓర్చుకోగలవనీ తెలుసు. మనిళ్లలో మొదటి పాలు అమ్మ చెబుతుంది, రెండోది నాన్న చెబుతాడు, ఒకే నోట రెండూ రావడం అరుదు. ఆమె తన మాటల్లో ఇలా కుదుర్చుకుంది: "నీకెట్టుందో నాకు తెలుసు నాయనా. నువ్వు ఉండగలవు. ఇంకోసారి అడిగితే మాత్రం చెప్పను." చివరి ముక్క నేను నేర్పింది కాదు, కానీ చాలా బాగా పనిచేసింది.

పొద్దుటి ఫోను తీసేసి సాయంత్రానికి మార్చాం. కడుపు, తిండి, నిద్ర మాటలు ఆ ఫోన్లో ఉండవు. గుంటల సంగతులు, నాయనమ్మ సంగతులు, ఊళ్లో ఎవరు ఎవరితో తగువు పడ్డారన్నది ఉంటాయి. మొదటి వారం ఆమెకే నరకం. కొడుకుకంటే తల్లికి నిద్ర పట్టలేదు.

పేచీ వచ్చింది గది దగ్గర. ఎక్కువ డబ్బు కడితే అటాచ్డ్ బాత్రూంతో సింగిల్ రూం ఇస్తామని హాస్టల్ వాళ్లన్నారు, అమ్మ అప్పటికే సరేనంది. నేను ముగ్గురుండే గది తీసుకోమన్నాను. సింగిల్ రూం అంటే పదడుగుల దూరాన్ని నెల్లూరు నుంచి చెన్నైకి మార్చుకోవడం. పైగా అందులో ఒంటరిగా ఉంటాడు. ఈ సలహా అందరికీ వర్తించదు. క్రోన్స్ లాంటి పేగు జబ్బు ఉన్న పిల్లలకు దగ్గర్లో టాయిలెట్ అవసరం, దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. కార్తీక్‌కు పేగు బాగానే ఉందని పరీక్షలు చెప్పాక అతనే నిర్ణయించుకున్నాడు, ముగ్గురి గదే అని.

నాన్నకు ఆగస్టు చివర్లో తనే చెప్పాడు. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత, "పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టే) రోజు పొద్దున నాకూ అంతేరా. నాలుగుసార్లు పోతా" అన్నాడట.

క్లాసులు మొదలయ్యాక

మొదటి వారం టిఫిన్ తిన్నాడు, తలుపు పక్కన కూర్చున్నాడు. రెండో వారం నడి బెంచీకి జరిగాడు. ఆ వారానికి మేం పెట్టుకున్న పని, అవసరం లేకపోయినా క్లాసు మధ్యలో లేచి బయటికెళ్లి రావడం. కార్డు మీద రాసింది: "అందరూ తిరిగి చూస్తారు. సార్ ఏదో ఒకటి అంటాడు. పేరు పెడతారు." జరిగింది: సార్ బోర్డు మీంచి తల తిప్పలేదు. ఇతను లేవడం చూసి ధైర్యం తెచ్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు వెనకే లేచి క్యాంటీన్‌కి పోయారు. యూనివర్సిటీకి, ఆ ఇంటర్ కాలేజీకి తేడా ఉందని అందరూ చెబుతూనే ఉన్నారు. నమ్మడానికి ఆ ఇద్దరు కావాల్సొచ్చారు.

మూడో వారం ఆదివారం రాత్రి మెసేజ్ పెట్టాడు: "మళ్లీ వచ్చింది మేడం." మర్నాడు మాట్లాడితే, వచ్చింది పాతది కాదు. మధ్యాహ్నం మెస్సులో అన్నం ముందు కూర్చుంటే నాయనమ్మ పెట్టే చేపల పులుసు గుర్తొచ్చిందట. రూమ్మేట్లు ఇద్దరూ, ఒకడిది తిరునల్వేలి, ఒకడిది పాలక్కాడు, నిద్రపోతున్నారు. డాబా మీదికి పోయి ఏడ్చాడు. కడుపు ఎలా ఉందని అడిగాను. ఆశ్చర్యపోయాడు. కడుపు మామూలుగానే ఉంది, ఆ సంగతి అతనికి స్ఫురించనే లేదు.

మేనమామ ఫోన్లో చెప్పిన ఇంటి బెంగ అప్పటికి వచ్చింది. భయం ఆక్రమించుకున్నంత కాలం దానికి చోటు లేకపోయింది. దీనికి చికిత్స చేయలేదు. ఖాళీ వేళల్లో వస్తుంది, అలల్లా వచ్చి పోతుంది, తొలి నెలల్లో చాలామందికి ఉంటుంది అని చెప్పి, ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా వదలొద్దన్నాను. పాలక్కాడు కుర్రాణ్ణి టి.నగర్‌లో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్లాడు. అతను గోంగూర తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడని, అవి బెంగ కన్నీళ్లు కావని చెప్పాడు.

ఇంటికి వెళ్లడం గురించి ముందే ఒక కట్టుబాటు చేసుకున్నాం. తేదీని బట్టి వెళ్లాలి, బాధను బట్టి కాదు. వినాయక చవితికి టికెట్టు క్లాసులు మొదలవకముందే తీసిపెట్టాం. మనసు బాగోలేనప్పుడల్లా ఇంటికెళితే, ఇల్లు మందు అవుతుంది, మోతాదు పెరుగుతుంది. ఎంత కష్టమైనా ఉండి తీరాలన్న పట్టుదల కూడా నాకు లేదు. కాలేజీ మార్చుకుని ఇంటి దగ్గర చదువుకునే దారి మూసేయొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాను. ఆ నిర్ణయం దసరా సెలవుల్లో, ఇంట్లో కూర్చుని తీసుకోవాలి, చెడ్డ రోజు రాత్రి ఫోన్లో కాదు. అప్పుడు చూసుకోవాల్సినవీ అనుకున్నాం: తింటున్నాడా, క్లాసులకు వెళ్తున్నాడా, పేరు పెట్టి చెప్పగల స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడా. సంతోషంగా ఉన్నాడా అన్నది జాబితాలో పెట్టలేదు, మొదటి రెండు నెలల్లో దాన్ని కొలబద్ద చేస్తే సగం క్యాంపస్ ఖాళీ అవుతుంది. దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఆ మాటే రాలేదట.

మందుల ఊసు కుటుంబం అడిగింది కాబట్టి రాస్తున్నాను. ఆగస్టు చివరికల్లా జీఏడీ-7 తగ్గకపోయి ఉంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపేదాన్ని. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మందులు (కుంగుబాటుకూ ఇవే వాడతారు) ఇలాంటి ఆందోళనకు పనిచేస్తాయి, అయితే మొదటి రోజుల్లో కొందరికి కడుపు కలవరపెడతాయి. ఇతని విషయంలో అది ముందే చెప్పి మొదలుపెట్టాల్సిన సంగతి. స్కోరు 9కి దిగింది, అవసరం పడలేదు.

నవంబరులో సెమిస్టర్ పరీక్షలు. మూడు గంటలు హాలు, ఇన్విజిలేటరు, నిశ్శబ్దం: పాత స్టడీ అవరుకు అచ్చు నకలు. మొదటి పరీక్ష రోజు పొద్దున టిఫిన్ మానేసి లోపెరమైడ్ వేసుకున్నాడు. తనే వచ్చి చెప్పాడు. రెండో పరీక్షకు స్ట్రిప్ తిరునల్వేలి కుర్రాడి దగ్గర పెట్టాడు, అడిగితే ఇవ్వమని. అడగలేదు. నాలుగో పరీక్షలో మధ్యలో లేచి చెయ్యెత్తి బయటికెళ్లొచ్చాడు. ఇన్విజిలేటరు టైం రాసుకుని పంపాడు. గణితం పేపరు సరిగా రాయలేదు, కానీ దానికి కారణం గణితమే. ఆ వారం చివర స్కోరు 6.

రాత్రి బస్సు ఇంకా మిగిలే ఉంది. సంక్రాంతికి రైలు టికెట్టే తీసుకున్నాడు. రైలు సుఖంగా ఉంటుందని మొదట అన్నాడు, తర్వాత అందులో టాయిలెట్ ఉంటుంది కాబట్టి అని నవ్వి ఒప్పుకున్నాడు. పండగయ్యాక తిరిగి రావడం బస్సులో, నెల్లూరు నుంచి, నడిమి వరసలో, రాత్రి భోజనం చేశాక. కార్డు ఇప్పుడే రాసిచ్చాడు. ఈసారి 40 శాతం.